ముందు వరస బల్లెం

సంస్థానాలు రద్దయిన ఇరవై ఏళ్లకు, మా పాత ప్రభువు అప్పటి జపాను రాజధాని ఎడో నగరానికి తరలివెళ్లిన ఊరేగింపును పట్టు మీద బొమ్మ వేయించి కోవెలకు ఇవ్వాలని ఊరివాళ్లు అనుకున్నారు. తోగాకు అనే చిత్రకారుడు ఆ వైభవం చూసినవాడు కాదు. అందులో నడిచినవాళ్లలో మిగిలింది ఇద్దరమే. రెండోవాడు, కన్‌రోకు అనే అతను, మోకాళ్లు పట్టేసి కొండమీది పల్లెలో ఉండిపోయాడు. అందుకని తోగాకు నా దగ్గరికి వచ్చాడు.

"అందరికంటే ముందు బల్లెం ఎగరేసింది ఎవరు పెద్దాయనా? ఆ ముఖం బాగా రావాలి."

నేను మోసింది ప్రభువు చెప్పుల పెట్టె. పల్లకి వెనక, దుమ్ములో. ఈకల కుచ్చు బల్లాన్ని ఆకాశంలోకి విసిరి, అడుగు తప్పకుండా అందుకున్నవాడు కన్‌రోకు. దారి పక్కన మోకరిల్లిన జనం తలెత్తకూడదని తెలిసీ దొంగచాటుగా చూసేది అతన్నే.

"నేనే," అన్నాను.

నోరు జారిందని చెప్పుకోలేను. మూడు రోజులు వెదురుకర్ర పట్టుకుని తోగాకు ఎదుట నిలబడ్డాను.

బొమ్మను కోవెలలో పెట్టిన రోజు ఓనుయి తన తండ్రి కన్‌రోకును గుర్రం మీద తీసుకొచ్చింది.

"నాన్నా, ముందు నడిచింది నువ్వేనని అమ్మ చెప్పేదిగా? ఇక్కడ యసోబెయ్ మామ ముఖం ఉందేంటి?"

కన్‌రోకు బొమ్మకేసి చాలాసేపు చూశాడు. తర్వాత నాకేసి చూశాడు.

"ఆ ఏడు నాకు జ్వరమమ్మా. నా బదులు వీడే ఎత్తాడు," అని నవ్వాడు. "ఒరేయ్ యసో, పొట్ట మాత్రం తగ్గించి వేయించుకున్నావురోయ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం అప్పుడే చెప్పాల్సింది.

కోతలయ్యాక వెళ్లి కాళ్ల మీద పడదామనుకున్నాను. కోతలయ్యేసరికి కనుమ దారిని మంచు మూసేసింది. అది కరిగి నేను వెళ్లేసరికి అతను పోయి నలభై రోజులైంది.

ఓనుయికి అంతా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు.

"తెలుసు మామా. ఆ రోజు ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుని ఒక్కమాటే అన్నాడు. 'అడిగుంటే నేనే ఇచ్చేవాణ్ణి కదా' అని."

కొండ దిగి నేరుగా తోగాకు ఇంటికి వెళ్లాను. ముఖం మార్చమని బతిమాలాను.

"ఇంకేం మారుస్తాం పెద్దాయనా? గీకితే పట్టు చిరుగుతుంది. అయినా అది ఇప్పుడు దేవుడి సొత్తు," అన్నాడు.

ఇప్పుడు కోవెలకు వచ్చినవాళ్లు బొమ్మను చూసి నాకు దండం పెడుతున్నారు. అది కన్‌రోకు చోటని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. ఈ వయసులో ఎంత వినయమో అనుకుంటూ వెళ్లిపోతున్నారు.