జోసఫిన్ అడిగిన ప్రార్థన

అమెరికాలో మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చికి ఇండియా నుంచి ఏ ప్రసంగీకుడు వచ్చినా ఆయన చూపు ముందు జోసఫిన్ వీల్‌చైర్ మీదే పడుతుంది. ప్రసంగం మధ్యలో ఆపి, కిందికి దిగివచ్చి, తల మీద చెయ్యి వేసి, లేచి నడవమంటారు. ఆ పిల్ల లేవదు. విశ్వాసం చాల్లేదేమోనని అందరూ ఆమెనే జాలిగా చూస్తారు. వాళ్ళమ్మ ప్రేమజ్యోతి తల దించుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది.

జోసఫిన్ పుట్టినప్పటి నుంచీ నడవలేదు. కార్ల కంపెనీలో ఇంజనీరు. చేతులతోనే నడిపేలా అమర్చిన వ్యాన్ తనే నడుపుకుంటుంది. ఇక గొంతు విప్పిందంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపి వింటారు. చర్చిలో పాటలు పాడే క్వయర్ నడిపేది నేనే. ఈస్టరుకి స్టేజీ ఎక్కి మా అందరికీ ముందుండి పాడాలని తన ఆశ, పాడించాలని నా పంతం. అడ్డమల్లా స్టేజీ మెట్లే.

"కింద నుంచే పాడనివ్వండి ప్రిస్సిల్లాగారూ," అన్నారు సంఘ పెద్ద ఆనందబాబుగారు. "ఎత్తుకుని ఎక్కిస్తే చూసేవాళ్ళకి బాధగా ఉంటది."

చూసేవాళ్ళకట. తెనాలిలో ప్రేమజ్యోతి పిన్నికి పోలియో. చుట్టాలొస్తే ఆవిణ్ణి వెనక గదిలో కూర్చోబెట్టేవారు, ఇంట్లో పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని. ఇంత దూరం వచ్చి మేం మార్చింది గదిని మాత్రమే.

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం నాడు రాజమండ్రి నుంచి వచ్చిన పాస్టరుగారు కూడా జోసఫిన్ దగ్గరికే వచ్చారు. "నీ కోసం ఏమని ప్రార్థించమంటావు తల్లీ?" అని మైకు అందించారు. జవాబు మాకందరికీ తెలుసనుకున్నాం.

"నా లెగ్స్‌తో నాకు ప్రాబ్లమ్ లేదు, పాస్టర్‌గారూ," అంది తన అమెరికా తెలుగులో. "ఆ స్టెప్స్ కోసం ప్రే చేయండి. నేను పైన పాడాలి."

పాస్టరుగారు ఆమెను, మెట్లను మార్చి మార్చి చూశారు. మంచి మనిషి. నెమ్మదిగా వెళ్ళి వంగి మెట్టు మీద చెయ్యి వేసి, "ప్రభువా, ఈ సంఘాన్ని స్వస్థపరచు," అన్నారు. ముందు పిల్లలు ఆమెన్ అన్నారు, తర్వాత పెద్దలు. ఆనందబాబుగారు మాత్రం ఆ మెట్లనే చూస్తూ ఉండిపోయారు.

ఆ శనివారం ప్రాక్టీసుకి వెళ్తే ఆనందబాబుగారే నేల మీద చతికిలబడి, మెట్ల పక్కన ఏటవాలుగా వేసిన ర్యాంప్‌కి స్క్రూలు బిగిస్తూ కనిపించారు. నేను కాఫీ తెచ్చిచ్చాను.

ఈస్టరు ఉదయం వీల్‌చైర్ తోయబోయారాయన. "ఐ గాట్ ఇట్, అంకుల్," అంది జోసఫిన్. తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పైకెక్కి, మా ముందుకొచ్చి పాట ఎత్తుకుంది. మొదటి చరణానికే హాలంతా లేచి నిలబడింది. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

"ఎవరండీ ఆ అమ్మాయి?" అని కొత్తగా వచ్చినావిడ ఎవరో ప్రేమజ్యోతిని అడిగింది.

ప్రేమజ్యోతి తలెత్తి, స్టేజీ మీదున్న నాకు కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"మా అమ్మాయండీ."