వరుసలో మొదటి వేలు

కర్రపెండలం తురిమే మిషన్లో తోటి కూలి పూంగొడి వేళ్లు తెగాక, సగ్గుబియ్యం ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఆ మిషనుకు మూత పెట్టించమని అర్జీ రాయించారు. అడుగున వలయంలా గుండ్రంగా వేలిముద్రలు వేశారు. అలా వేస్తే ముందు వేసిందెవరో మొదలాళికి, అంటే యజమానికి, తెలియదు.

కూలీల సంఘం నాయకుడు సీనప్పకు గొడవంటే గిట్టదు. ఆ కాగితం చించేశాడు. "ఇది జగడానికి పోయినట్లుండాది. మర్యాదగా, వరుసగా వెయ్యండి. మొదలాళితో నేను నిదానంగా మాట్లాడతాను" అన్నాడు. అందరూ వెనకాడుతుంటే, కొత్త కాగితం మీద వాళ్లలో మునివెంకటమ్మే ముందు వేసింది.

మర్నాడు పొద్దున ఆమెను ఆఫీసు గదికి పిలిచారు. యజమాని పక్కన సీనప్ప టీ తాగుతున్నాడు. బల్ల మీద అర్జీ ఉంది. ఆమెకు చదువు రాదు గానీ, అన్నిటికన్నా పైన కత్తిగాటు పడ్డ తన బొటనవేలి ముద్రను గుర్తుపట్టింది. యజమాని పెన్ను దానిమీదే ఆగి ఉంది. ఆమె సీనప్ప వైపు తిరిగింది.

"సీనన్నా, మూత పెడతారా?"

"అది తరవాత చూస్తారంటమ్మా. భయపడొద్దు, అంతా మంచిగా మాట్లాడి ముగించినాను. ఇంకెవరినీ ఏమీ చెయ్యరు. నువ్వొక్కదానివి రేపట్నుంచి రాకుంటే చాలంట."

సీనప్పే, పని మానేస్తున్నట్టు రాసిన కాగితం పరిచి, ఇంకు డబ్బా మూత తీసి, ఆమె ముందుకు జరిపాడు.