నిమ్మ ఉప్పు నీళ్ళలో బొటనవేలు

మా అన్నయ్యది తుప్పు చెయ్యి. కొందరి చెమటలో ఉప్పెక్కువ. వాళ్ళు ముట్టుకున్న ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. లేత్ మీద ఎంత నాణ్యంగా పనిచేసినా వర్క్‌షాపులో అందరికీ తను తుప్పు మేస్త్రీయే. తను పట్టుకున్న పనిముట్లన్నీ చివరికి నా దగ్గరికే వచ్చేవి, అక్కడ తుప్పు తీసే గది నాది కాబట్టి. అన్న పట్టించడం, చెల్లి వదిలించడం, బాగుందమ్మా సంబడం అని నవ్వేవాళ్ళు.

అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. ఒక మధ్యాహ్నం వదిన ఉక్కు స్కేలొకటి సంచిలో పెట్టుకొచ్చింది. వదిన బట్టలు కుడుతుంది. అన్నయ్య వాడిన ఆ స్కేలుతోనే గుడ్డ కొలుస్తుంది. దాని మధ్యలో నారింజ రంగు తుప్పుతో ఒక బొటనవేలి ముద్ర.

"తెల్లగుడ్డలకి మరకలంటుతున్నాయి. తీసెయ్."

నాకు ఒళ్ళు మండింది. "అది మా అన్నయ్య వేలు వదినా! మనిషెలాగూ పోయాడు, ముద్ర కూడా పోవాలా?"

"నీకే అన్నయ్య, నాకేం కాడా? రేపు తెల్ల చొక్కాలు కత్తిరించాలి. ఇంకో మరక పడిందంటే నాకు పనిచ్చేవాళ్ళుండరు."

నేను గిన్నెలు చప్పుడయ్యేలా కిందికి దింపాను.

గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి, తెల్ల ట్రేలో పోసి, స్కేలును పడుకోబెట్టాను. నిమ్మ ఉప్పు గీకదు, రుద్దదు. తుప్పులోని ఇనుమును రేణువు రేణువుగా చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిపించుకుపోతుంది. సన్నటి పసుపు పోగులు లేచి, ఊగి, ఎక్కడికక్కడ కరిగిపోయాయి. కిటికీలోంచి ఎండ వచ్చి నీళ్ళ అడుగున కదులుతోంది. ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చుని, సగం నిద్రలో ఉన్నవాళ్ళలా చూస్తున్నాం. అన్నయ్య రెండోసారి వెళ్ళిపోతున్నాడనిపించి నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

కొత్త తుప్పు మెత్తన, ముందు అదే కరుగుతుంది. పాతది నల్లగా ఇనుమునంటిపెట్టుకుని చాలాసేపు మొండికేస్తుంది. నారింజ రంగు పలచబడేకొద్దీ తెలిసింది, పైనున్నది సన్నటి వేలు. దాని కిందినుంచి వెడల్పాటి నల్లటి బొటనవేలు మెల్లగా బయటపడుతోంది.

"వదినా, ఈ పైదెవరిది?"

వదిన ట్రే మీంచి చూపు తిప్పలేదు. "తను పట్టుకున్న చోటే పట్టుకునేదాన్ని. నాది తుప్పు చెయ్యి కాదులే. కళ్ళు తుడుచుకున్న తడిచేత్తో పట్టుకుంటే ఎవరికైనా పడుతుంది కాబోలు."

మరకలు అన్నయ్యవి కావు. ఇందాక నోరు పారేసుకున్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

నారింజ రంగు పోయీ పోగానే స్కేలు తీసేశాను. ఇంకాసేపుంటే నలుపు కూడా కరుగుతుంది. వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి, తుడిచి, ఆరాక మైనం పట్టించి వదిన చేతికిచ్చాను. వదిన తెల్ల చేతిరుమాలు తీసి, ఆ నల్ల వేలి మీద వేసి గట్టిగా రుద్దింది. తిప్పి చూసింది. రుమాలు తెల్లగానే ఉంది. వేలు అక్కడే ఉంది.

దాని మీద తన బొటనవేలు పెట్టబోయి, చప్పున వెనక్కి తీసుకుంది.

"అయితే ఇక దీన్ని పట్టుకుని ఏడవకూడదన్నమాట."

"ఏడువు వదినా," అన్నాను. "ఎన్నిసార్లు తుప్పు పట్టినా నా దగ్గరికి తీసుకురా."