వాసన లేని ఆకు

ఈశ్వరికి జలుబు పట్టి తొమ్మిది రోజులైంది. ఈలోగా షెడ్డులోని పట్టుపురుగులకు పొర మార్చే ముందొచ్చే నాలుగో జ్వరం తగిలింది, దిగింది, పొర విడిచి అవి మళ్లీ ఆకు మీద పడ్డాయి కూడా. ఈమె ముక్కు దిబ్బడ మాత్రం వదల్లేదు.

జలుబు ఎవరికి రాదు గనక? నాలుగు తుమ్ములు తుమ్మి, ఇంత బామ్ పూసుకుని, దుప్పటి ముసుగేస్తే సరి. పురుగులు మేపే మనిషికి ఆ మాత్రం భాగ్యమూ లేదు. బామ్, నీలగిరి తైలం, సాంబ్రాణి పొగ, ఏ ఘాటు సోకినా పురుగు ఆకు ముట్టదు. బీడీలు తాగుతాడని కట్టుకున్న మొగుణ్నే షెడ్డు గడప దాటనివ్వని ఈశ్వరి, తాను బామ్ పూసుకుని లోపలికి ఏ ముఖం పెట్టుకుని పోతుంది?

పైగా అంతకుముందు రెండు పంటలు వరసగా పోయాయి. "ఇదీ పోతే మల్బరీ పెరికేస్తా. నువ్వు గార్మెంట్స్‌కి పోదువు గానీ" అని మొగుడు ఎర్రప్ప తెగేసి చెప్పాడు. పెళ్లికి ముందు ఆమె హిందూపురంలో రెండేళ్లు చొక్కాలకు కాలర్లు కుట్టింది. ఒంటికి పోవాలన్నా సూపర్‌వైజర్ ముందు చెయ్యెత్తి నిలబడాలి. ఆ కుట్టుమిషను ముందరి కుర్చీ తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తుంది. ఈ షెడ్డులో ఆమెను అడిగేవాడు లేడు. ఇంకో నాలుగు రోజులు గట్టెక్కితే పురుగు పండి గూడు కడుతుంది.

అందుకని ఫోను ముందేసుకుని, బొంగురు గొంతుతో దాన్నే అడిగింది: "వాసన లేకుండా జలుబు తగ్గేదానికి ఏం చేయాల?" ఫోనుకేం, నోరుంది చెప్పింది. పెరుగు మానమంది ఒక వీడియోలో డాక్టరమ్మ. మజ్జిగ తాగితేనే మంచిదన్నాడు ఇంకొకాయన. రాగి సంగటి చలవ అని ఒకరు, వేడి అని ఒకరు. ఎవరి మాట కాదంటే ఏం ముంచుకొస్తుందోనని ఈశ్వరి అన్నీ మానేసింది. సంగటి లేదు, మజ్జిగ లేదు, అరటిపండు లేదు. మిరియాలేసిన గంజి, ఉప్పునీళ్ల పుక్కిలింత. మెడికల్ షాపు మాత్ర ఒకటి వేసుకుంటే మత్తుగా పడి నిద్రపోయి, పురుగులకు రాత్రి పది గంటల మేత తప్పింది. దాన్నీ అవతల పారేసింది.

"తిండి మానితే జలుబు పోతాదా? మనిషివి పోతావు" అంది అత్త మునియమ్మ. "తులసాకు ఆవిరి పడతా, రామ్మే."

"పురుగు పండినాక పడుదువు లే అత్తా."

రోజుకు నాలుగు మేతలు. పురుగుల తట్టల మధ్య తిరిగింది, ఆకు వేసింది, పెంట ఎత్తింది. కూర్చుంటే లేవలేనేమోనని కూర్చోలేదు.

చివరి వారం పురుగు తినే తిండి ఇంతా అంతా కాదు. సొంత తోటలో ఆకు చాల్లేదు. పెనుకొండ దారిలో ఉన్న తిమ్మరాజు తోట నుంచి ఎర్రప్ప పొద్దున్నే పది మోపులు తెచ్చి గడప బయట దించాడు.

"వాసన చూస్తివా?" అడిగింది ఈశ్వరి.

"చూస్తి. ఆకు వాసనే."

బీడీలతో మొద్దుబారిన ముక్కు అది, దాని సాక్ష్యం ఆమె ఏనాడూ నమ్మలేదు. ఎప్పటిలాగే తానే గుప్పెడు ఆకు తీసి ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చింది. మూడేళ్లుగా అదే ఆమె పద్ధతి. పురుగుమందు వాసన తగిలితే మోపు వెనక్కి, ఏమీ తగలకపోతే లోపలికి. ఏమీ తగల్లేదు. తాడు కోసి తట్టలన్నిటికీ పరిచింది.

పదకొండు గంటలకు పోయి చూస్తే పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్ల నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. ఈశ్వరి చేతులతో ఆకు లాగి పారేసింది, ఇంకో తట్ట, ఇంకో తట్ట, కానీ తిన్నది ఎట్లా కక్కిస్తుంది? మధ్యాహ్నానికి అన్నీ మెత్తబడ్డాయి.

ఎర్రప్ప తిమ్మరాజుకు ఫోను చేశాడు. "నేను కొట్టలేదప్పా, పక్కన టమాటకు కొట్టినారు నిన్న. గాలికి పడిందేమో" అన్నాడు అతను. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి పురుగులను గంపలకెత్తి గుంటలో పోసి సున్నం చల్లారు. ఎర్రప్ప ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమెకు బాగుండేది.

ఈశ్వరి షెడ్డు గోడకు ఆనుకుని కూలబడింది. తొమ్మిది రోజుల తర్వాత ఇప్పుడే కూర్చుంది.

"అత్తా, ఆ బామ్ ఇట్లియ్యి."

మునియమ్మ డబ్బా తెచ్చి, కోడలి ముక్కుకు, నుదుటికి, గొంతుకు తానే పూసింది. ఆవిరి కూడా పట్టింది. చెమటలు కారి, కళ్లలో నీళ్లు కారి, కాసేపటికి ముక్కులో ఏదో విడిపోయినట్టయింది. బామ్ వాసన తెలిసింది. దాని వెనకే ఇంకేదో.

గోడ పక్కన ఇంకా విప్పని మోపు ఒకటి మిగిలి ఉంది. ఈశ్వరి పాక్కుంటూ పోయి గుప్పెడు ఆకు పీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. మందు. బామ్ పూసిన ముక్కుకు కూడా తగిలేంత ఘాటు. ఆమె ఆకు దించలేదు, అట్లాగే పీలుస్తూ ఉండిపోయింది.

"నాకేం తెలీలేదే" అన్నాడు ఎర్రప్ప తలొంచుకుని.

"నాకూ తెలీలేదు" అంది ఈశ్వరి. ఆకు కింద పడేసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గార్మెంట్స్ బస్సు పొద్దున ఎన్నింటికి వస్తాది?"