పిచ్చుకలు చూసే వైపు

పొద్దున ఆరయ్యేసరికల్లా మీటర్ల తాత మెట్ల కిందికి వెళ్ళి, కరెంటు మీటరు ముందు వంగి నిలబడి, అందులో అంకెలు గట్టిగా చదివేవాడు. "నాలుగు, రెండు, సున్నా, తొమ్మిది!" వంటింట్లోంచి కోడలు "రాసుకున్నాను మావయ్యా" అనేది. ఆవిడ ఏమీ రాసుకునేది కాదనుకోండి. కానీ ఆ మాట వినపడకపోతే ఆయన అక్కణ్ణించి కదలడు. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా సరే, ముందు ఆ మాట అనాల్సిందే.

ముప్ఫై ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివిన మనిషాయన. ఊళ్ళో ఆయన కాలు పెట్టని సందు లేదు. అలాంటిది, భార్య పోయిన రెండేళ్ళకి ఆయన బుర్రలో ఊరంతా కలగాపులగం అయిపోయింది. కాళ్ళు మాత్రం ఊరుకుంటేనా! పదయిందంటే చాలు, చెప్పులేసుకుని డ్యూటీకి బయల్దేరినట్టు బయల్దేరతాడు. వెళ్ళడం బాగానే వెళ్తాడు, తిరిగి రావడమే తెలీదు. ఒకసారి చేపల మార్కెట్ వెనకాల దొరికాడు. ఇంకోసారి ఎవరిదో పెళ్ళిలో, భోజనాల బల్ల దగ్గర దొరికాడు. మగపెళ్ళివారి తాతగారనుకుని వాళ్ళు రెండోసారి స్వీటు కూడా వడ్డించారట. అప్పుడంటే అందరూ నవ్వుకున్నారు. మూడోసారి రైలు పట్టాల మధ్య దొరికినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే కొడుకు పిడికెడంత తాళం కొనుక్కొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను, ఏదైనా కదలకూడదంటే ఎలా బిగించాలో బాగా తెలుసు.

"ఇంకొక్కసారి తప్పిపోయాడంటే బయట గడియపెట్టి తాళం వేసేస్తాను. అంతే" అన్నాడు.

"మనిషిని లోపల పెట్టి తాళం వేస్తారా? ఆయనేమన్నా బీరువానా?" అంది కోడలు.

"మరేం చెయ్యమంటావే? నువ్వు ఉంటావా ఇంట్లో? నేనుంటానా?"

అతను పగలంతా ఎవరి మేడల్లోనో లిఫ్టు గోతుల్లో ఉంటాడు. ఆమె బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుంటుంది. ఏ బస్సు ఎప్పుడు, ఎక్కడ దిగాలి, దిగాక కుడికా ఎడమకా, అన్నీ చెప్తుంది. ఊరందరికీ దారి చెప్పే మనిషి, ఇంట్లో మనిషికి చెప్పలేకపోతోందే అని ఆమెకి సిగ్గుగా ఉండేది.

సిగ్గు కంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ముసలాయనకి కొడుకు రోజు విడిచి రోజైనా గుర్తొస్తాడు. పోయిన భార్య ఎప్పుడూ గుర్తే. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న కోడలు మాత్రం ఎవరో తెలీదు. ఆమె పెట్టింది తింటూనే "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని అడుగుతాడు. నేను ఫలానా అని చెప్తే "ఓహో" అంటాడు, పళ్ళెం కడిగేలోపు మళ్ళీ మొదటికొస్తాడు. ఎన్నోసార్లు కుళాయి తిప్పుకుని ఏడ్చింది పాపం. అయినా సరే, ఆ తాళం పడటానికి వీల్లేదనుకుంది. నడక ఆగిన రోజున ఆ మనిషి కూడా ఆగిపోతాడని ఆమెకి బాగా తెలుసు.

చలి తగ్గింది. మందపాటి బట్టలన్నీ ఎండేసి లోపల పెడుతుంటే అల్మారా అడుగున అత్తగారి గుడ్డ కనపడింది. నాలుగు మీటర్లు, లేతాకు రంగు, దాని మీద అచ్చువేసిన గోధుమరంగు పిచ్చుకలు. అత్తగారికి అదంటే ప్రాణం. కొన్నదే కానీ కత్తెర పెట్టడానికి ఎప్పుడూ చెయ్యి రాలేదు. "మంచి రోజొస్తే కుట్టుకుంటాలే" అంటూనే వెళ్ళిపోయింది. కుట్టు పడని గుడ్డ మీద పిట్టలు ఒక్కచోట ఉండవన్నది తెలిసిందేగా. మడత విప్పేసరికి అన్నీ ఒక మూలకి చేరి కూర్చున్నాయి, వెలుతురు తగలగానే తలో దిక్కూ సర్దుకున్నాయి.

"మా ఆవిడ గుడ్డ" అన్నాడు మీటర్ల తాత. తీసుకుని భుజాల చుట్టూ కప్పుకున్నాడు. అడిగితే ఇవ్వలేదు. అన్నం దగ్గరా అదే, నిద్దర్లోనూ అదే. అప్పుడు తట్టింది కోడలికి. కుట్టు పడితే గుడ్డ మీద పిట్టలు కుదురుగా ఒకవైపే చూస్తాయి. అవి ఇంటివైపు చూసేలా కుట్టిస్తే? ఆయన ఎక్కడున్నా, చొక్కా చెయ్యి చూసుకుని ఇంటికి నడిచొచ్చేస్తాడు కదా!

ఆయన స్నానానికి వెళ్ళగానే గుడ్డ పట్టుకుని సందు చివర టైలరమ్మ షాపుకి వెళ్ళింది. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపరం.

"తాతగారికా? అయితే బిగుతు పనికిరాదు" అంది టైలరమ్మ, చెవి మీంచి సుద్దముక్క తీసి. "పల్చటి కోటులా కుడదాం, వదులుగా. చెయ్యి దూర్చడానికి ఆయన వెతుక్కోకూడదు. చంకలు వెడల్పు చేస్తా, భుజం రెండంగుళాలు కిందికి జారుస్తా. ఎండలొస్తున్నాయిగా, లైనింగు వద్దు. గుండీలు పెద్దవి, మూడు చాలు. జేబులు పైన అతికిస్తా, చెయ్యి పెడితే దొరికేలా."

కత్తిరించడం మొదలెట్టాక చూడాలి వాళ్ళ అవస్థ. కాగితం కొలత పెడితే దాని కింద పిచ్చుకలన్నీ పక్కకి తప్పుకుంటాయి. సుద్దతో గీత గీస్తే సరిగ్గా గీత మీదే వచ్చి నిలబడతాయి. పిట్ట మీద కత్తెర పడకూడదు కాబట్టి టైలరమ్మ చప్పట్లు కొడుతూ, "హుష్, హుష్! అటు జరగండమ్మా" అంటూ కత్తిరించింది. ఏది పైవైపో ఏది కిందివైపో ఇద్దరికీ తెలీలేదు. తీరా చూస్తే ముందుభాగాలు రెండూ ఎడమవే వచ్చాయి.

"ఇదేంటండీ, రెండూ ఎడమవే?"

"ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి. ఈ పిట్టలు నా బుర్ర తినేశాయి" అని తల పట్టుకుంది టైలరమ్మ. గుడ్డ మిగిలింది కాబట్టి సరిపోయింది. కుడిది మళ్ళీ కత్తిరించి, తప్పుగా తెగిన ముక్కలోంచి జేబులు తీశారు. ఒక చేతికి నలభై పిచ్చుకలొస్తే ఇంకో చేతికి రెండే వచ్చాయి. "కుట్టు పడ్డాక అవే సర్దుకుంటాయిలెండి" అంటూ మిషను ముందు కూర్చున్నదల్లా టైలరమ్మ గభాల్న లేచింది.

"అమ్మో, కొంప మునిగేది! మొదటి కుట్టు ఏ చోట పడితే పిట్టలు ఆ చోటే చూస్తాయి. నిరుడు ఒక పాపకి బాతుల గౌను ఇక్కడే కుట్టాను. ఇప్పటికీ ఎక్కడికి తీసుకెళ్ళినా ఆ బాతులన్నీ నా షాపు వైపే చూస్తాయట, వాళ్ళమ్మ ఒకటే గోల. మీరు ఇంటికి తీసుకెళ్ళి, మొదటి కుట్టు మీ చేత్తో అక్కడ వేసుకురండి. మిగతాది నేను చూసుకుంటా."

కోడలు ముక్కలన్నీ మూటగట్టుకుని ఇంటికొచ్చింది. కుట్టు ఇటూ అటూ కాకుండా పడాలని అడుగులతో కొలుచుకుని, ముందుగదికి నట్టనడుమ కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. మీటర్ల తాత వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం కుడుతున్నావమ్మా?"

"మీకు కోటు మావయ్యా."

"మా ఆవిణ్ణి అడిగావా?"

ఆమె దారం కొసకి ముడేసింది. "అడిగాను. మంచి రోజొచ్చింది, కుట్టెయ్ అంది."

"అలాగా. అయితే కుట్టు" అని ఊరుకున్నాడాయన. ఆమెకి కళ్ళు మసకబారాయి. దేవుడా, ఈ ఒక్క కుట్టూ సరిగ్గా పడనీ అనుకుంటూ భుజం దగ్గర సూది దింపింది. ముక్కల మీద పిచ్చుకలన్నీ ఒక్కసారి గిర్రున తిరిగి, ఆమె వైపు ముక్కులు పెట్టి ఆగిపోయాయి. హమ్మయ్య, ఇల్లు నచ్చింది వీటికి అనుకుంది.

శనివారానికి కోటు తయారైంది. ఆదివారం తప్ప ఇద్దరికీ తీరిక లేదు కనక ఆదివారమే పరీక్ష పెట్టారు. కోడలు వంటపనిలో ఉంది. కొడుకు తండ్రికి కోటు తొడిగి తీసుకెళ్ళాడు. పార్కు దగ్గర నిలబెట్టి "నాన్నా, ఎటు వెళ్దాం?" అన్నాడు. ముసలాయన చేతి మీద పిచ్చుకల్ని చూసి ఇంటివైపు తిరిగాడు. ఆసుపత్రి వెనకనుంచీ తిరిగాడు, వంతెన అవతలనుంచీ తిరిగాడు. ఒక్కసారీ తప్పలేదు.

"ఒప్పుకుంటున్నా" అన్నాడు కొడుకు భోజనం దగ్గర. "కానీ తాళం మాత్రం అక్కడే ఉంటుంది. ఒక్కసారి తప్పినా వేస్తా."

సోమవారం పదకొండున్నరకి బస్టాండు కిక్కిరిసి ఉంది. కోడలు ఎవరికో మూడో నంబరు బస్సు గురించి చెప్తుంటే ఫోను మోగింది.

"నాన్న లేడు!" అవతల భర్త అరుస్తున్నాడు. "పక్కింటావిడ ఫోను చేస్తే పని వదిలేసి వచ్చాను. పదికి బయల్దేరాడట. ఇంటికి రాలేదు. సందులన్నీ వెతికాను. నువ్వూ నీ పిట్టలూ! ముందే తాళం వేసుంటే..."

ఆమె కిటికీ తలుపు లాగబోయింది. రైలు పట్టాలు తప్ప ఇంకేమీ తోచట్లేదు. ఎక్కడ తప్పు జరిగింది? గదికి నడుమే కదా కూర్చుంది? నిన్నంతా సరిగ్గానే చూశాయి కదా?

"ఆగమ్మా, ఆగు. నా వంతొచ్చింది" అంటూ ఎవరో తలుపు పట్టుకున్నారు.

మీటర్ల తాత! ఎంతసేపటినుంచి క్యూలో నిలబడ్డాడో, మొహమంతా చెమట. కోటు మీద, జేబుల మీద, రెండు చేతుల మీద, ఎక్కడున్న పిచ్చుక అక్కణ్ణించే ఆమె మొహంలోకి చూస్తోంది. ఆమె లేచి నిలబడితే తలలు పైకెత్తాయి. కుర్చీలో కూలబడితే దించాయి. పక్క సీటు గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టి, "మీవాళ్ళా మేడమ్? పిట్టలన్నీ మిమ్మల్నే చూస్తున్నాయి. లోపలికి రమ్మనండి, ఎండన పడి వచ్చినట్టున్నారు" అని తన పనిలో పడ్డాడు.

"ఎక్కడికెళ్ళాలండీ?" అంది ఆమె. రోజూ అనే మాటే, నోటికి అదే వచ్చింది.

"అదే తెలీట్లేదమ్మా" అన్నాడాయన తికమకగా, చేతి మీద పిచ్చుకల్ని చూపిస్తూ. "ఇవి ఇటు తీసుకొచ్చాయి. ఇక్కడికొచ్చాక ఆగిపోయాయి."

ఫోనులో భర్త ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "వింటున్నావా? తప్పిపోయాడు మళ్ళీ!"

"తప్పిపోలేదండీ" అంది ఆమె ఏడుస్తూ. "నా దగ్గరికొచ్చారు."

సాయంత్రం సంగతి విని టైలరమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో నా మతి మండా! చోటు కాదన్నమాట, చెయ్యి. ఎవరి చెయ్యి పడితే వాళ్ళని చూస్తాయి! నేను ఈ షాపు దాటి వెళ్తేగా తెలియడానికి? విప్పి మళ్ళీ కుట్టమంటారా?"

"వద్దు" అన్నాడు కొడుకు, భార్య నోరు తెరిచేలోపే. తర్వాత ఆ తాళాన్ని తన సైకిలుకి వాడుకున్నాడు.

ఇప్పుడు రోజూ పదింటికి మీటర్ల తాత కోటు తొడుక్కుని బయల్దేరతాడు. చేపల మార్కెట్ మీంచి వస్తాడో, వంతెన మీంచి వస్తాడో, ఆయన ఇష్టం. పదకొండూ పదకొండున్నర మధ్య మాత్రం బస్టాండులో తేలతాడు. ఆమెని అవతలి ఊరి బస్సుల వైపు కిటికీకి మార్చిన వారం, సరాసరి అక్కడికే వచ్చాడు. వచ్చి కిటికీ ఎదురుగా బల్ల మీద కూర్చుంటాడు. తెచ్చుకున్న డబ్బాలో అన్నం ఇద్దరూ తింటారు. కోడలని ఇప్పటికీ గుర్తులేదు. ఆమె చెప్పడం మానేసింది, ఏడవడం కూడా మానేసింది.

మొన్న బస్సు కోసం చూస్తూ ఒకావిడ ఆయన పక్కన కూర్చుంది. కోటు చూసి, కిటికీ వైపు చూసి, "మీ అమ్మాయా తాతగారూ?" అని పలకరించింది.

ఆయన కోటు చెయ్యి ముందుకి చాపాడు. పిచ్చుకల్ని చూసుకున్నాడు. కిటికీలో దారి చెప్తున్న మనిషిని చూశాడు.

"ఎవరో తెలీదమ్మా" అన్నాడు. "ఆవిడ లేస్తే నేనూ లేవాలి. అంతవరకూ తెలుసు."

ఐదున్నరకి ఆమె కిటికీ మూసి లేచింది. ఆయన కూడా లేచాడు.