రఫ్ ట్రాక్‌లో అత్త పేరు

"శంకరవ్వ పేరు అందరి ఫోన్లల్ల మోగుతుంది, కోడలే పాడి తిడుతుంది" అని పక్కింటి లతీఫున్నీసా పాల కేంద్రం దగ్గర అన్నదట. ఆ మాట మోసుకొచ్చింది శంకరవ్వ కొడుకు సుధాకరే. వినగానే అతని భార్య మమతారాణి చేతిలోని చాట పక్కన పెట్టేసింది.

నెల కింద ఆమె కరీంనగర్‌లో ఒక స్టూడియోకు పోయి రఫ్ ట్రాక్ పాడింది. రఫ్ అంటే పేరున్న గాయని వచ్చేదాకా బాణీ గుర్తుకోసం పాడించేది. తర్వాత ఆ గొంతు తీసేస్తారు. పాటేమో పెండ్లిలో వియ్యపురాలిని ఎగతాళి చేసేది. పాటలో ఆ వియ్యపురాలి పేరు ఇంకా రాయలేదు, "ఏదో ఒకటి అను చెల్లె" అన్నారు స్టూడియోవాళ్లు. ఆమె నోటికి అత్త పేరే వచ్చింది.

"నీళ్లల్ల పప్పేసే పిసినారి శంకరవ్వ!"

గాయని రాలేదు. వాళ్లు రఫ్‌నే యూట్యూబ్‌లో పెట్టేశారు.

సుధాకర్ ఫోన్ నొక్కాడు. గడపలో కూర్చున్న శంకరవ్వ పాట మొత్తం విన్నది.

"అత్తమ్మా, గది ఉత్త రఫ్. చెరిపేస్తమన్నరు. ఎవ్వలు వినరనుకున్న," అన్నది మమతారాణి.

శంకరవ్వ కోడలి వైపు చూసింది.

"అంటే ఎవ్వలు వినకుంటే నువ్వు నన్ను గిట్లనే అంటవన్నట్టు."