రాగి గిన్నె పోయిన సరాయి

కాషాన్ సంతలో ముందు దిగిన ఖర్బూజాలకే ధర అని అందరూ అంటారు. ఆ సంతకే ఖర్బూజాలు తోలుకెళ్తున్న ఇద్దరిలో గియాస్‌వి పరుగెత్తే కంచరగాడిదలు. పరీజాద్ మొగుడు షావెర్దివి ఉత్త గాడిదలు; తొందరంటే ఏమిటో వాటికి తెలియదు. పైగా ఇది వాళ్ల కొత్త తోట తొలికాపు. అమ్ముడుపోకపోతే చలికాలమంతా పస్తులే. అందుకే పరీజాద్ బుర్రకు పదును పెట్టింది.

దారిలో రాత్రికి అందరూ దిగే సత్రం ఆ సరాయి; దానికి ఉన్నది ఒకటే తలుపు. పొద్దుగూకగానే కాపలాదారు నజఫ్ గొలుసు వేసేస్తాడు. తెల్లారాక నడిమి వాకిట్లో నిలబడి, ఎవరి సొమ్ము వారికి ఉందా అని కేకేస్తాడు. చుట్టూ ఉన్న గదులన్నీ ఉందంటేనే తలుపు తీస్తాడు. పోయినదానికి పూచీ అతనిదే మరి.

గాడిదకు కడుపునొప్పని చెప్పి షావెర్ది బయటి అరుగు మీదే పడుకున్నాడు. పరీజాద్ అతనెవరో తెలియనట్టు లోపల గది తీసుకుంది. చీకటితోనే అతను కాషాన్ దారి పట్టాడు. తెల్లారి నజఫ్ కేకేయగానే ఆమె తన రాగి గిన్నె పోయిందని మొత్తుకుంది. ఎంత వెతికినా దొరకకూడదని దాన్ని ముందే మొగుడి గంపలో, పండ్ల కింద దాచింది.

నజఫ్ గుర్రపుశాలలు గాలించాడు. నీళ్ల తొట్టిని కర్రతో కెలికాడు. గియాస్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే పరీజాద్‌కు కడుపు నిండిపోయింది. లోపలెక్కడా దొరక్కపోయేసరికి నజఫ్‌కు బయటి అరుగు గుర్తొచ్చింది. చీకటితోనే జారుకున్న ఖర్బూజాలవాడి వెనక ఇద్దరు రౌతుల్ని తోలాడు. ఇలా జరుగుతుందని పరీజాద్‌కు తట్టనే లేదు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి షావెర్దిని గాడిదలతో, గిన్నెతో సహా పట్టుకొచ్చారు. దొంగ చెయ్యి నేను విరగ్గొడతానంటే నేనని ఒంటెలవాళ్లు పోటీ పడ్డారు. షావెర్ది పెళ్లాం వంక చూశాడే గాని ఆమె పేరు బయటపెట్టలేదు. ఆ చూపుకు పరీజాద్ సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆగండయ్యా, ఆయన నా మొగుడు. ఆ గిన్నె దాచింది నేనే."

వాకిలంతా గొల్లున నవ్వింది. నజఫ్ మాత్రం నవ్వలేదు.

"పొద్దుటినుంచి ఇంతమందిని ఎండబెట్టావు గదమ్మా. తలా ఒక పండు ఇచ్చి మరీ కదులు."

గంపలు అడుగంటాయి. అందరికంటే ముందు చెయ్యి చాచింది గియాస్. గడ్డం మీదికి రసం కారుతుంటే రెండో ముక్క కూడా మింగి, నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఎంత పని చేశావమ్మా. నువ్వు నా తర్వాత వారానికి వచ్చినా, ఈ పండు రుచి చూశాక సంతలో నా పండ్లు ఎవడు ముట్టుకునేవాడు?"